కార్పెట్ కింది వైరు

దాదాపు ఏడాదిన్నరపాటు నా గిటారు వైరు చివర ఏమీ లేదు. గిటారులోంచి బయలుదేరిన నల్లవైరు నా కాళ్ల దగ్గర ఒక చుట్టు చుట్టుకొని, స్టేజీ మీద పరిచిన ఎర్ర కార్పెట్ కిందికి పోయేది. అక్కడితో సరి. చూసేవాళ్లు అది ఏదో పెట్టెలోకి పోతోందనుకునేవాళ్లు. నేను చమ్కీల చొక్కా వేసుకొని, తల ఊపుతూ, మహబూబాబాద్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో బేస్ గిటారును మహా జోరుగా వాయించేవాణ్ణి. అందులో ఒక్క స్వరం కూడా ఎవరి చెవినా పడలేదు.

ఇప్పుడు మా బ్యాండు పాటలు కాలేజీ పిల్లల ఫోన్లలో ఉన్నాయి. ఎవరైనా మైకు పెట్టి మీ తొలిరోజుల గురించి చెప్పండి అంటే జనగామ కోళ్ల షెడ్డు గురించి చెప్తాను. డిగ్రీ చదివేటప్పుడు ముగ్గురం ఊరి చివర ఖాళీగా పడివున్న కోళ్ల షెడ్డులో సాధన చేసేవాళ్లం. డ్రమ్ము కొట్టినప్పుడల్లా పైనుంచి పాత ఈకలు రాలేవి. ఇది చెప్తే అందరూ నవ్వుతారు, ఫొటో తీసుకుంటారు, నన్ను వదిలేస్తారు. షెడ్డు తర్వాత ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

బేస్ గిటారు అంటే మా వైపు ఎవరికీ తెలియదు. బేస్ అంటే డీజే బండి మీది పెద్ద పెట్టెలే. "బేస్ అంటే పెట్టెల్నే వస్తది గద అన్నా, దానికి మనిషెందుకు?" అని నన్ను అడిగినవాళ్లు లెక్కలేదు. పాట అడుగున నడిచే శబ్దం అది. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, తీసేస్తే పాట తేలిపోతుంది. నాకు అలాంటి వాయిద్యమే ఎందుకు నచ్చిందో నాకే తెలియదు. ముందుకొచ్చి నిలబడే ధైర్యం లేకపోవడం కూడా ఒక కారణమేమో.

డిగ్రీ చివరి ఏడాది కాలేజీ వార్షికోత్సవంలో మేం సొంత పాట వాయించాం. రెండో చరణంలోనే కరెంటు తీయించారు. జనరేటర్ చెడిపోయిందన్నారు గానీ, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత బ్యాండు దానంతటదే విడిపోయింది. పాడేవాడు కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లాడు. డ్రమ్ములవాడు జనగామ స్టేషన్ రోడ్డులో మేనమామ మొబైల్ షాపులో కూర్చున్నాడు. నేను ఇంటికి పోవాలి. పోలేను. ఇంట్లో ఒక కాగితం నా సంతకం కోసం కాచుకొని ఉంది. అందుకే మహబూబాబాద్‌లో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాను.

మా ఇల్లు భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో. బాపు, అంటే మా నాన్న, బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మా దగ్గర అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. దిగి పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి ఇక పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కాకపోతే రిటైర్మెంటుకు రెండేళ్ల ముందే కాగితాలు పెట్టాలి. ఆ గడువు దాటితే కొడుక్కీ రాదు, తండ్రికీ విశ్రాంతి ఉండదు. మా క్వార్టర్ల వరసలో నా ఈడు వాళ్లు ఒక్కొక్కరే తండ్రుల టోపీలు పెట్టుకొని దిగుతున్నారు. ఇంటికి నేనొక్కణ్ణే కొడుకుని, వేరే సంతానం లేదు.

బాపుకు చెడింది చెవులు. ఏళ్ల తరబడి మిషన్ల పక్కన, పేలుళ్ల పక్కన పనిచేశాడు. మొదట సన్నటి శబ్దాలు పోయాయి. ఫోన్ మోగితే వినపడదు, పిట్ట కూస్తే వినపడదు. అవ్వ గొంతు వినపడదు. అవ్వ అంటే మా ఇంట్లో అమ్మ. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా దాని పక్కనే కూర్చొని బీడీ తాగుతుండేవాడు. లారీ పోతే మాత్రం తల తిప్పేవాడు. ఈ సంగతి ఇంట్లో మా ఇద్దరికీ, బాయిలో ఆయనతో కలిసి పనిచేసే జోడీకీ తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. చెవులు పోయాయని తేలితే ఉద్యోగం పోతుంది, నేను సంతకం పెట్టకముందే పోతే ఇద్దరికీ లేకుండా పోతుందని ఆయన భయం. అందుకే ఎదుటివాళ్ల పెదాలు చూసి తల ఊపడం నేర్చుకున్నాడు.

బాయిలో చెవులతో పని ఏమిటంటే, పైకప్పు కూలేముందు మాట్లాడుతుంది. సన్నగా చిటచిటమంటుంది, మట్టి రాలుతుంది. విన్నవాడు పక్కకు దూకుతాడు. దిగగానే చేసే మొదటి పని కూడా పైకప్పును తట్టి చూడడమే. ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి, కుడిచేత్తో ఇనుపకడ్డీ పెట్టి తడతారు. గట్టిరాయి అయితే ఖణేల్‌మంటుంది, అరచేతికి ఏమీ తెలియదు. వదులైన రాయి డొల్లగా మోగుతుంది, అరచేతికి జుమ్మని వస్తుంది. నా చిన్నప్పుడు ఆదివారం నా చేతిని క్వార్టర్ గోడకు ఆనించి, చెమ్చాతో తడుతూ, ఎక్కడ ఇటుక ఉంది, ఎక్కడ పూత ఊడింది చెప్పమని ఆడించేవాడు. చెవులు పోయాక ఆయనకు మిగిలింది ఆ అరచెయ్యే.

అవ్వ రోజూ ఫోన్ చేసేది. నా దగ్గర ఆమెకు దాపరికం లేదు.

"ఇంకా ఎన్ని దినాలురా? పైన పెళ్ల కదిలితె ఆయనకు ఇనవడ్తదా? నువ్వొచ్చి సంతకం పెట్టు. నీ గిటారు యాడికి పోతది, ఇంట్ల ఉంటది."

"ఒక్క ఏడాది అవ్వా. ఆర్కెస్ట్రాల మంచి పేరొస్తున్నది."

ఆ మాట అన్నప్పుడు నా వైరు కార్పెట్ కింద ఉంది.

ఆర్కెస్ట్రా ఓనరును తప్పు పట్టను. మొదటి రెండు పెళ్లిళ్లలో నన్ను నిజంగానే వాయించనిచ్చాడు. రెండో పెళ్లిలో నాకేదో తోచి, పాట మధ్యలో నా సొంత మలుపు ఒకటి వేశాను. పాడే అమ్మాయి నా వైపు చూసి పల్లవి మరిచిపోయింది. స్టేజీ దిగాక ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు.

"తమ్ముడూ, నువ్వు మంచిగనే కొడుతున్నవ్, కాదంటలేను. కానీ జనం పాటను ఫోన్ల ఎట్ల ఇన్నరో గట్లనే కావాలంటరు. కీబోర్డు కాడ రికార్డు ట్రాకున్నది, అండ్ల బేసున్నది. నువ్వు పాటకు అడ్డం వస్తున్నవ్."

"మరి నేనెందుకన్నా?"

"స్టేజీ నిండుగ కనవడాలె గద. గిటారు లేకుంటే భజన మండలి లెక్కుంటది."

తర్వాతి పెళ్లిలో ఆయనే స్వయంగా వంగి, నా వైరును కార్పెట్ కిందికి దోపి, పైన కాలితో అదిమాడు. అప్పుడే గిటారు తీసి సంచిలో పెట్టుకొని రావాల్సింది. రాలేదు. వస్తే భూపాలపల్లి బస్సెక్కాలి. బేస్ వాయించేవాడిగా నిలబడడానికి ప్రపంచంలో నాకు మిగిలిన చోటు ఆ కార్పెట్ ఒక్కటే.

మొదటి మూడు నెలలు పట్టుదలగా సరైన స్వరాలే వాయించాను. వినపడకపోయినా నా వేళ్లకు తెలుసు కదా అనుకున్నాను. మరిపెడలో ఒక పెళ్లిలో ఉన్నట్టుండి చూసుకుంటే, నా వేళ్లు ఒకచోట, పాట ఒకచోట ఉన్నాయి. ఎప్పటినుంచి అలా ఉన్నాయో తెలియదు. సరిచేసుకోబోయి మళ్లీ వదిలేశాను. వర్షాకాలంలో అన్నిటికంటే లావు తీగ తెగింది. కొత్త తీగ కోసం హైదరాబాద్ పోవాలి. ఓనరు ఆటో మెకానిక్ దగ్గర్నుంచి క్లచ్ వైరు తెప్పించి ఇచ్చాడు. చూపుకు అచ్చం తీగలాగే ఉంది. కట్టుకున్నాను. ఆ రోజు గదికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను. కళాకారుడి ఏడుపేం కాదది. చేతికొచ్చిన ఒకే ఒక్క పని చెయ్యి జారిపోతుంటే ఏడ్చే ఏడుపు.

అంతా తెలిసి కూడా నేను అక్కడే ఉన్నాను. నేను ఉన్న ప్రతిరోజూ బాపు దిగుతున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించకుండా ఉండడానికి చాలా శ్రమపడేవాణ్ణి.

గడువు శనివారం. ఇంకో నాలుగు రోజులుందనగా బాపు స్వయంగా మహబూబాబాద్ వచ్చాడు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చాడు. ఆ రోజు కురవి రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. పెద్ద భూములున్న కుటుంబం, లీడర్లు చాలామంది వచ్చారు. తలంబ్రాలు అయిపోయాయి, భోజనాలు నడుస్తున్నాయి, మేం పాటలో ఉన్నాం. గుమ్మం దగ్గర తెల్లచొక్కాలో, కవరు చంకలో పెట్టుకొని బాపు కనిపించాడు. అంతకుముందు ఆయన నన్ను స్టేజీ మీద ఎప్పుడూ చూడలేదు.

కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. స్పీకర్ల పక్కన మాత్రం చోటుంది, ఆ మోతకు అక్కడ ఎవరూ నిలబడలేరు. బాపుకు ఆ బాధ లేదు. నేరుగా వచ్చి పెద్ద పెట్టె పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నిండా గర్వం. కాసేపు నా వేళ్లనే చూశాడు. తర్వాత ఎడమ అరచెయ్యి ఎత్తి, వేళ్లు బార్లా చాపి, పెట్టెకు ఆనించాడు.

కొడుకు వాయించేది వినాలనుకున్నాడు, అంతే. చెవులు సాయం చేయవు కాబట్టి చేత్తో విందామనుకున్నాడు.

నా వేళ్లు అప్పుడు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి. పెట్టె ఒక తీరుగా కొడుతోంది. బాపు తన చేతి వైపు చూసుకున్నాడు, నా వేళ్లు చూశాడు, మళ్లీ చెయ్యి చూసుకున్నాడు. తల కొంచెం పక్కకు వంచాడు. ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. గబగబా పాటలోకి దూకి సరైన స్వరాలు పట్టుకోబోయాను. దొరికాయి కూడా, సగం చరణం వరకు. కానీ అప్పటికే ఆయన పెట్టె మీద నుంచి చెయ్యి తీసేశాడు. అరచేతిని చొక్కాకు తుడుచుకొని, గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అన్ని నెలలు నా పక్కన స్టేజీ మీద నిలబడ్డవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి, చెవులు వినపడని మనిషి ఒక్క పాటలో పట్టుకున్నాడు.

పాటలయ్యాక ఓనరు ఎదురొచ్చి బాపుకు దండం పెట్టాడు.

"మీవోడు లేకుంటె స్టేజీ బోసి అయితది బాపూ."

"ఏమన్నడు?" అని బాపు నన్ను అడిగాడు.

నేను వంగి, ఆయన చెవి దగ్గర, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు అరిచి చెప్పాల్సి వచ్చింది. "నేను లేకుంటే స్టేజీ బోసి అయితదంట." తల కొట్టేసినట్టయింది. బాపు ఓనరుకు తిరిగి దండం పెట్టాడు.

ఇద్దరం హాలు వెనక్కి వెళ్లాం. అక్కడ వంట గిన్నెలు కడుగుతున్నారు, పక్కన టెంట్ హౌస్ వాళ్ల కుర్చీలు పేర్చి ఉన్నాయి. రెండు కుర్చీలు లాక్కొని కూర్చున్నాం. బాపు కవర్లోంచి దరఖాస్తు తీశాడు. నా ఫొటోలు అప్పటికే అంటించి ఉన్నాయి, ఇంటర్మీడియట్ నాటి ఫొటోలు. నా సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత గీసి ఉంది.

"పెన్ను తెచ్చినవా బాపూ?" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ క్షణంలో నాకు కావలసింది ఆ కాగితమే. ఏదో ఒక గోతిలోకి దిగి కనపడకుండా పోవాలని ఉంది.

ఆయన పెన్ను తీశాడు, కానీ ఇవ్వలేదు.

"నీ ఏలు ఒక తీరు నడుస్తున్నది, డబ్బ ఒక తీరు కొడుతున్నది," అన్నాడు. గట్టిగానే అన్నాడు, ఆయనకు మెల్లగా మాట్లాడడం ఎప్పుడో పోయింది. గిన్నెలు కడిగే ఆడవాళ్లు తిరిగి చూశారు.

చెప్పేశాను. ఆయన చెవిలో అరిచి చెప్పాను. వైరు సంగతి, ట్రాకు సంగతి, ఎన్ని నెలల నుంచో ఆ సంగతి, క్లచ్ వైరు సంగతి. అరిచి ఒప్పుకోవడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. గుసగుసగా చెప్పుకోవలసినవన్నీ చాటింపు వేసినట్టు చెప్పాను. బాపు అంతా విని, ఒకటే అడిగాడు.

"నీకు అసలు వాయించుడు వస్తదా, రాదా?"

"వస్తది."

"వాయించు."

గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. కరెంటు లేదు, పెట్టె లేదు. బాపు కుర్చీ దగ్గరికి జరుపుకొని, గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. జనగామ షెడ్డులో మేం కట్టుకున్న పాట మొదలుపెట్టాను. మొదటి వరసలోనే తప్పు పోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ పోయింది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. తప్పులతోనే, మిగిలిన మూడు తీగల మీదే, చివరిదాకా లాక్కొచ్చాను. చెమట గిటారు మీద కారుతోంది. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. రాతికింద నిలబడ్డప్పుడు కూడా అలాగే మూసుకుంటాడేమో.

"గిది నీదే," అన్నాడు కళ్లు తెరిచి. "మంచిగున్నదా లేదా నాకెర్క లేదు. కానీ గిది మాత్రం నీదే."

నేను గిటారు మీది చెమట చొక్కా అంచుతో తుడిచాను.

"ఇది ఒక దారికి వచ్చేందుకు ఎన్నొద్దులు పడుతది?"

"రెండేండ్లు." ఎందుకన్నానో తెలియదు. ఆ సంఖ్యకు ఏ ఆధారమూ లేదు. నోటికొచ్చింది అన్నాను.

"నాకు గూడ రెండేండ్లే ఉన్నది," అన్నాడు బాపు. దరఖాస్తును మడతపెట్టి మళ్లీ కవర్లో పెట్టాడు. పెన్ను జేబుకు తగిలించుకున్నాడు. "శనివారం పోతే పోనియ్. నేను ఎల్లదీస్త."

ఆయన చేతిలోంచి ఆ కవరు లాక్కోవడానికి నాకు బోలెడంత సమయం ఉంది. ఆయన మడతలు సరిచేసుకుంటూ చాలాసేపే కూర్చున్నాడు. ఆ చెవులతో ఇంకో రెండేళ్లు దిగడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. వద్దు బాపూ అనే రెండు మాటలు నోట్లోనే ఉన్నాయి. అనలేదు. అనకపోవడమే కాదు, లోపల ఎక్కడో ఊపిరి తేలికైంది. నా గురించి నాకు తెలిసిన విషయాల్లో అన్నిటికంటే చెడ్డది అదే.

"ఆకలైతున్నది," అన్నాడు. ఇద్దరం వెళ్లి పెళ్లి బంతిలో కూర్చొని తిన్నాం. ఆయన బగారన్నం రెండోసారి కూడా వేయించుకున్నాడు. సాయంత్రం బస్సెక్కించాను.

శనివారం గడిచిపోయింది. ఆదివారం అవ్వకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వారం తర్వాత ఎత్తి, "మంచిగున్నవా" అంది, "మంచిగున్న" అన్నాను, పెట్టేసింది. అప్పటినుంచి మా మధ్య మాటలు అంతవరకే. నన్ను తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఓనరుకు చెప్పి, చమ్కీల చొక్కా ఇచ్చేసి, జనగామ రైలెక్కాను. డ్రమ్ములవాడు మొబైల్ షాపులో స్క్రీన్ గార్డు అంటిస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కొత్త తీగలు కొనుక్కురా పో అన్నాడు. కోళ్ల షెడ్డులో మళ్లీ కోళ్లు వచ్చాయి. షాపు మేడమీద గది మాకు దొరికింది. ఎండాకాలం ఆ రేకుల కింద ఉడికిపోతూ, ఇద్దరమే, పాడేవాడు తిరిగొచ్చేదాకా తాళం, బేస్ మాత్రమే వాయించుకుంటూ కూర్చున్నాం. నా వేళ్లు మనుషుల్లో పడడానికి ఐదు నెలలు పట్టింది.

అవ్వ మాట్లాడకపోయినా ఒక పని చేసేది. బాపు పొద్దుటి షిఫ్టు దిగిన రోజు, పైకి వచ్చి ఇంట్లో కాలు పెట్టగానే, నాకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేది. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఆ మిస్డ్ కాల్ వచ్చేదాకా నేను గిటారు ముట్టుకోలేకపోయేవాణ్ణి. ఫోన్ ముందు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. డ్రమ్ములవాడు ఏమీ అడగకుండా తనూ కర్రలు పక్కన పెట్టేవాడు. అలా చాలా నెలలు. ఒకరోజు పాట ఒకటి కుదురుతోంది. పాడేవాడు వచ్చేశాడు, ముగ్గురం మంచి ఊపులో ఉన్నాం. ఎప్పుడో ఫోన్ చూస్తే ఆరున్నరైంది. మిస్డ్ కాల్ మూడున్నరకే వచ్చి ఉంది. నేను చూసుకోలేదు. ఆ రోజు చాలా భయపడ్డాను. తర్వాత అది మామూలైపోయింది.

రెండో ఏడాది చలికాలంలో ఒకసారి ఐదున్నర దాటినా కాల్ రాలేదు. అది గమనించాను. నేనే చేస్తే అవ్వ ఎత్తింది. బాయిలో పైకప్పు నుంచి రాతిపెళ్ల రాలిందట. బాపుకు వినపడలేదు. జోడీ కాలరు పట్టి గుంజాడు. భుజం మీద మాత్రం తగిలింది, ఎముక బాగానే ఉంది, దవాఖానలో కట్టుకట్టి పంపారు.

"వస్తున్న అవ్వా," అన్నాను.

"రా," అంది. ఆ ఒక్క మాటే.

మర్నాడు హైదరాబాద్‌లో మా మొదటి రికార్డింగు. ముగ్గురం ఎదురుచూసిన పిలుపు అది, మళ్లీ రాదు. భుజమే కదా, రికార్డింగు కాగానే పోదాం అనుకున్నాను. కాగానే ఇంకో పాట అన్నారు, దాని తర్వాత మిక్సింగుకు కూర్చోమన్నారు. పద్దెనిమిది రోజుల తర్వాత భూపాలపల్లి వెళ్లాను. అప్పటికే బాపు మళ్లీ డ్యూటీకి దిగుతున్నాడు. జనం మాకు పేరు తెచ్చిపెట్టిన పాట అంటారే, ఆ రోజు రికార్డు చేసింది అదే. ఆ బేస్ చాలా బాగుంటుంది. నాకే తెలుసు, ఎంత బాగుంటుందో.

బాపు రిటైరైన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. తోటివాళ్లు దండ వేసి, శాలువా కప్పి, డప్పులతో క్వార్టర్ దాకా తీసుకొచ్చారు. డప్పు ఆయనకు కొంచెం వినపడుతుంది, అడుగు కూడా కలిపాడు. అందరూ వెళ్లిపోయాక ముగ్గురం మిగిలాం. బాపు దండ తీయకుండానే మంచం మీద కూర్చున్నాడు. పక్కన నేను. అవ్వ ఛాయ్ గ్లాసులు తెచ్చి, మా ఇద్దరికీ ఇచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది. రెండేళ్ల తర్వాత నా కళ్లలోకి చూసి మాట్లాడింది. బాపు అక్కడే ఉన్నాడు, ఒక్క చెయ్యి దూరంలో. ఆయనకు ఆమె గొంతు వినపడదు కాబట్టి ఆయన ముందే అడిగింది.

"ఒకయేళ ఆ పెళ్ల నెత్తిల పడి ఆయన పోతే, గిటారు ఇడిసిపెడుతుంటివా?"

"ఇడిసిపెడుతుంటి అవ్వా."

వెంటనే అన్నాను. మరీ వెంటనే. అవ్వ చూపు తిప్పలేదు. నేనే ఛాయ్ గ్లాసులోకి చూశాను. విడిచిపెట్టేవాణ్ణి కాదు. కొన్ని రోజులు ఏడ్చేవాణ్ణి, కొన్ని నెలలు వాయించలేకపోయేవాణ్ణి, తర్వాత ఆయన మీద ఒక పాట కట్టేవాణ్ణి. ఆ పాట బాగా వచ్చేది. ఇదంతా నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

బాపు మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఏదో మంచిమాటే నడుస్తోందనుకొని నవ్వాడు.

"ఏమంటున్నది?" అని నన్ను అడిగాడు.

నేను ఛాయ్ గ్లాసు కింద పెట్టాను. అవ్వ గడప మీంచి లేచి, ఆయన దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది.

"నీ కొడుకు మంచోడు అంటున్న."

"నాకెర్కే," అన్నాడు బాపు.